పాత లారీకి పంపు టైమింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో పనికి చేరిన కొత్తలో మా మేస్త్రీ గారు నా చేతికి పానా ఇవ్వలేదు. ఇంజన్ పక్కన పీట వేసి కూర్చోబెట్టి, "ఆ గొట్టం చివర చుక్క చూస్తూ ఉండు, ఆగగానే అరిచి చెప్పు" అన్నారు. ఆయనేమో ముందు నుంచి టామీ కడ్డీతో ఇంజన్ తిప్పుతున్నారు. నేను రెండుసార్లు ఆలస్యంగా అరిచాను. రెండుసార్లూ ఏమీ అనకుండా ఇంజన్ వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టారు. మూడోసారీ ఆలస్యమయ్యాక తిట్టారు. డీజిల్ పంపు టైమింగ్ చూసేది ఆ చుక్కతోనే. దాని గురించి ఓనర్లు, డ్రైవర్లు, కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలు ఇవి.

టైమింగ్ అంటే ఏమిటి? అంత పట్టింపు ఎందుకు?

డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. పిస్టన్ పైకొస్తూ గాలిని నొక్కితే ఆ నొక్కుడికే గాలి కొన్ని వందల డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్ చిమ్ముతుంది. ఆ డీజిల్‌ను ఒత్తిడితో నాజిల్‌కు అందించేది పంపు. పడిన డీజిల్ వెంటనే అంటుకోదు. ఆవిరై, గాలితో కలిసి, అంటుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ కాస్త ఎంతంటే, ఉజ్జాయింపుగా సెకనులో వెయ్యో వంతు.

వెయ్యో వంతే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. ఇంజన్ నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 40 చుట్లు, అంటే 14,400 డిగ్రీలు. వెయ్యో వంతు సెకనులో క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇంజన్ షాఫ్టు, 14 డిగ్రీలు దాటిపోతుంది. అందుకని పిస్టన్ పైకి చేరకముందే డీజిల్ మొదలుపెట్టాలి. ఎన్ని డిగ్రీలు ముందు అన్నదే టైమింగ్. పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటును టీడీసీ అంటాం. మరీ ముందుగా మొదలైతే అడ్వాన్స్ అయిందంటాం, ఆలస్యమైతే రిటార్డ్.

ఇది ఏ బండ్లకు పనికొస్తుంది?

వరస పంపు, అంటే సిలిండర్‌కు ఒకటి చొప్పున డీజిల్ నెట్టే ఎలిమెంట్లు వరసగా ఉన్న పంపు, వాడే పాత ఇంజన్లకు. టాటా 1210, 1612 లాంటి బండ్లలో వచ్చిన 692, 697 ఇంజన్లు, పాత లేలాండ్ కామెట్లు, ఆ కాలం బస్సులు. 697 అనే అంకెలో రహస్యం ఏమీ లేదు: ఆరు సిలిండర్లు, 97 మి.మీ. బోరు (సిలిండర్ అడ్డుకొలత). స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 128 మి.మీ., మొత్తం 5675 సీసీ. 692కి బోరు 92 మి.మీ. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) వాళ్లు జంషెడ్‌పూర్‌లో 1954 నుంచి బెంజ్ కంపెనీతో కలిసి లారీలు కట్టారు, ఆ కుదుర్పు 1969తో అయిపోయింది. వాసన మాత్రం ఈ ఇంజన్లలో మిగిలింది.

పంపు చాలావరకు మైకోది. 1951లో బెంగళూరులో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి అది పొట్టి పేరు. 2008లో కంపెనీ పేరు బాష్ అని మారింది. ఆటోనగర్‌లో ఇంకా మారలేదు, మైకో పంపు మైకో పంపే.

కామన్ రైల్ ఇంజన్ ఉన్న కొత్త బండ్లలో టైమింగ్‌ను కంప్యూటరే చూసుకుంటుంది. అక్కడ ఈ చుక్కల పని లేదు.

టైమింగ్ తప్పిందని ఎలా కనిపెట్టాలి?

అడ్వాన్స్ ఎక్కువైతే శబ్దం గట్టిపడుతుంది. రేజ్ చేసినప్పుడు సుత్తితో ఇనుము మీద కొట్టినట్టు పొడిగా, గరుగ్గా నాక్ వస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ వెనక్కి తన్నినట్టు అనిపిస్తుంది. అలాగే నడిపితే పిస్టన్లు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ ఒక్కొక్కటే ఖర్చు చెప్తాయి.

రిటార్డ్ అయితే బండి మెత్తబడుతుంది. శబ్దం బాగుందే అనిపిస్తుంది కూడా, అందుకే దీన్ని చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. పికప్ ఉండదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కళ్లు మండే తెల్ల పొగ చాలాసేపు వదలదు. లోడు మీద ఎగువ ఎక్కేటప్పుడు నల్ల పొగ. మంట ఆలస్యంగా మొదలవడం వల్ల సగం వేడి సైలెన్సర్ దారిన పోతుంది, మానిఫోల్డ్ మామూలు కన్నా ఎక్కువ కాలుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ లోడుతో ఎక్కే డ్రైవర్‌ని అడగండి. రెండో గేరులో ఎక్కే మలుపు మొదటి గేరు అడుగుతోందంటే మనకన్నా ముందు ఆయనకే తెలిసిపోతుంది.

ఈ లక్షణాలన్నీ మా బండికి ఉన్నాయి. టైమింగ్ పెట్టించేయమంటారా?

ఆగండి. నా దగ్గరికి "టైమింగ్ పోయింది" అని వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి టైమింగ్ పోలేదు. నిన్నటిదాకా బాగా తిరిగిన బండి ఇవాళ ఉన్నట్టుండి పొగ కొడితే నేను పంపు బోల్టుల వైపు చూడను. పంపు బోల్టులు వదులైతేనో, పంపు షాఫ్టును ఇంజన్‌కు కలిపే కప్లింగ్ జారితేనో, ఎవరైనా చేయి పెడితేనో తప్ప టైమింగ్ రాత్రికి రాత్రి కదలదు. గేర్లు, పంపు లోపలి భాగాలు అరిగి మెల్లమెల్లగా రిటార్డ్ అవడం ఉంది, కానీ అది ఏళ్ల మీద జరిగే పని.

ముందు గాలి చూడండి. ఎయిర్ క్లీనర్ మూసుకుపోతే నల్ల పొగ ఖాయం. సిమెంటు, బూడిద, ఇసుక లోడ్లకు తిరిగే బండ్లకు ఇది మరీ ఎక్కువ. తర్వాత డీజిల్ ఫిల్టర్లు, లైనులో గాలి. ఆ తర్వాత నాజిళ్లు. ఒక్క నాజిల్ చిమ్మకుండా కారుతుంటే నాక్, పొగ రెండూ వస్తాయి, అచ్చం అడ్వాన్స్ అయినట్టే వినిపిస్తుంది.

దీనికి తేలిక పరీక్ష ఉంది. ఇంజన్ స్లోలో ఉండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును గుడ్డ కప్పి కొద్దిగా వదులు చేసి చూడండి. ఏ సిలిండర్ దగ్గర వదులు చేస్తే ఆ టకటక ఆగిపోతుందో తప్పు అక్కడుంది. ఆరింటిలో ఏది వదిలినా శబ్దం అలాగే ఉంటే అప్పుడు టైమింగ్ మీద అనుమానపడొచ్చు. ఇది చేసేటప్పుడు కారే చోట వేలు పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల చేయి పాడవుతుంది. అలా జరిగితే పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో మెలిక: నాజిల్ స్ప్రింగు మెత్తబడి తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటే డీజిల్ ముందే మొదలవుతుంది. అంటే పంపు సరిగ్గా ఉన్నా అడ్వాన్స్ అయినట్టే. నాజిళ్లు టెస్టర్ మీద చూపించకుండా టైమింగ్ కదిపితే ఒక తప్పు మీద ఇంకో తప్పు కట్టినట్టు.

మా ఇంజన్‌కు ఎన్ని డిగ్రీలు పెట్టాలి?

అంకె నేను చెప్పను, మీరూ పక్క బండి అంకె అరువు తెచ్చుకోకండి. ఒకే పేరున్న ఇంజన్‌కు కూడా పంపు మారితే, టర్బో వస్తే, మోడల్ సంవత్సరం మారితే డిగ్రీలు మారతాయి. వర్క్‌షాప్ మాన్యువల్ చూడండి. ఇంజన్ నంబరు, పంపు మీద ప్లేటులో ఉన్న నంబరు రెండూ రాసుకుని పంపు డీలర్ దగ్గరికి వెళ్తే చార్టులో చూసి చెప్తారు. చాలా ఇంజన్లకు వెనకున్న పెద్ద చక్రం, అంటే ఫ్లైవీల్ మీదో, ముందున్న పుల్లీ మీదో టీడీసీ గుర్తుతో పాటు ఇంజెక్షన్ గుర్తు కూడా కొట్టి ఉంటుంది. గ్రీజు, మట్టి గోకితే కనిపిస్తుంది.

ఫ్లైవీల్ మీద టీడీసీ గుర్తే ఉంది, డిగ్రీల గుర్తు లేదు. ఎలా?

టేపు చాలు. ఫ్లైవీల్ గానీ, పుల్లీ గానీ చుట్టుకొలత కొలిచి 360తో భాగించండి. ఉదాహరణకు అడ్డుకొలత 400 మి.మీ. ఉంటే చుట్టుకొలత 1257 మి.మీ. వస్తుంది, ఒక డిగ్రీకి సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. మాన్యువల్‌లో 20 డిగ్రీలు అని ఉంటే టీడీసీ గుర్తు నుంచి 70 మి.మీ. దూరంలో గీత గీయాలి. 200 మి.మీ. పుల్లీ మీద అయితే డిగ్రీకి 1.75 మి.మీ. మాత్రమే. అందుకే వీలుంటే పెద్ద చక్రం మీదే కొలవాలి, గీత తప్పినా తప్పు చిన్నదవుతుంది.

గీత ఎటువైపు గీయాలన్నది ఇక్కడ బోల్తా కొట్టే చోటు. ఇంజన్ తిరిగే దిశలో తిప్పుతున్నప్పుడు ముల్లు (గుర్తును చూపించే, కదలని సూచిక) దగ్గరికి ముందు మీ కొత్త గీత రావాలి, తర్వాత టీడీసీ గుర్తు రావాలి.

అసలు ఆ టీడీసీ గుర్తునే నమ్మొచ్చా?

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. పాత బండికి ఎన్ని చేతులు మారి ఉంటాయో తెలియదు. వేరే ఇంజన్ ఫ్లైవీల్ బిగించి ఉండొచ్చు. ముందున్న డ్యాంపర్ పుల్లీకి లోపల రబ్బరు ఉంటుంది, అది వదిలేస్తే బయటి చుట్టు జారి గుర్తు పక్కకు పోతుంది.

పిస్టన్ పైకొచ్చిందా అని కళ్లతో, పుల్లతో చూస్తే తేలదు. పై చివరన పిస్టన్ దాదాపు కదలదు. 128 మి.మీ. స్ట్రోకున్న ఇంజన్‌లో టీడీసీకి రెండు డిగ్రీలు అటూ ఇటూ పిస్టన్ కదిలేది 0.05 మి.మీ. దగ్గర. వెంట్రుక మందం కూడా ఉండదు. కాబట్టి పైన ఎక్కడ ఆగిందో వెతక్కుండా, రెండు పక్కలా కొలిచి మధ్య తీసుకోవాలి.

మేం చేసేది ఇలా: ఒకటో పిస్టన్‌ను పైకి తెచ్చి, ఒక వాల్వు స్ప్రింగు జాగ్రత్తగా తీసి, వాల్వును పిస్టన్ తల మీద కూర్చోనిస్తాం. వాల్వు పైచివర డయల్ గేజీ పెడతాం. టీడీసీకి ముందు గేజీ ఒక అంకె చూపించిన చోట ఫ్లైవీల్ మీద సుద్ద గీత, దాటాక అదే అంకె మళ్లీ వచ్చిన చోట ఇంకో గీత. రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నది టీడీసీ. రెండుసార్లూ ఒకే దిశలో తిప్పాలి. స్ప్రింగు లేని వాల్వు సిలిండర్‌లోకి జారిపోకుండా కాండానికి రబ్బరు రింగో, తీగో చుట్టి ఉంచండి. ఇంజన్‌ను మరీ కిందికి తిప్పితే వాల్వుతో పాటు మీ ఆదివారం కూడా లోపల పడుతుంది.

టైమింగ్‌కు ముందు ట్యాపెట్లు చూడాలా?

చూడాలి. ట్యాపెట్ గ్యాపు అంటే వాల్వు పైచివరకూ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు. గ్యాపు తప్పుంటే వాల్వు సరిగ్గా మూసుకోదు, నొక్కుడు తగ్గుతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది, నింద టైమింగ్ మీద పడుతుంది. పనిలో పని, కవర్ ఎలాగూ తీయాలి.

చుక్క పద్ధతిలో టైమింగ్ ఎలా పెడతారు? పూర్తిగా చెప్పండి.

బండి చదునుగా ఉన్న చోట పెట్టి, చక్రాలకు అడ్డం వేసి, న్యూట్రల్ చేసి, బ్యాటరీ వైరు తీసేయండి. ఇద్దరు కావాలి. పంపు, పైపులు, చుట్టుపక్కల మొత్తం డీజిల్‌తో కడిగి తుడవండి. పంపు లోపలికి ఇసుక రేణువు పోతే టైమింగ్ సంగతి తర్వాత, పంపే మార్చుకోవాల్సి వస్తుంది.

విప్పే ముందు పంపు ఫ్లాంజి మీద, అది బిగించిన ఇంజన్ భాగం మీద కలిపి ఉలితో సన్నగా ఒక గీత కొట్టండి. ఇప్పుడున్న టైమింగ్ తప్పే కావచ్చు, అయినా కొట్టండి. అన్నీ వికటిస్తే తిరిగి రావడానికి అదొక్కటే దారి.

ఇప్పుడు ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ మీదికి తేవాలి. ఈ ఇంజన్లలో ఒకటోది రేడియేటర్ వైపు ఉంటుంది. ట్యాపెట్ కవర్ తీసి ఆరో సిలిండర్ రాకర్లు చూస్తూ ఇంజన్ తిప్పండి. ఆరోదాని ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ, ఇన్లెట్ తెరుచుకుంటూ రెండు రాకర్లూ ఒకేసారి కదిలే క్షణంలో ఒకటోది కంప్రెషన్ పైన ఉంటుంది. అక్కడి నుంచి సుమారు పావు చుట్టు వెనక్కి తిప్పి ఆపండి.

పంపు మీద గేరు వైపు మొదటిది ఒకటో ఎలిమెంట్. దాని పైపు విప్పి, పైపు బిగించి ఉన్న పై ముక్క, అంటే డెలివరీ వాల్వ్ హోల్డర్ తీసి, లోపలి స్ప్రింగును, వాల్వు ముక్కను బయటికి తీయండి. ఆ రెండూ శుభ్రమైన డీజిల్ ఉన్న గిన్నెలో పెట్టండి, జేబులో వేసుకోకండి. హోల్డర్‌ను మళ్లీ బిగించి, దానికి వంపు గొట్టం తగిలించండి. పాత నాజిల్ పైపును కోసి కొంగ మెడలా వంచితే అదే గొట్టం. కొన కిందికి చూస్తూ ఉండాలి, కింద గ్లాసు పెట్టాలి.

లారీ ట్యాంకు పంపు కన్నా కిందుంటుంది కాబట్టి డీజిల్ దానంతట అది రాదు. ఐదు లీటర్ల డబ్బా ఒకటి క్యాబిన్ ఎత్తున వేలాడదీసి, సన్న పైపుతో పంపు ఇన్లెట్‌కు కలిపితే ఒకే ధారగా వస్తుంది. కొందరు చేతి ప్రైమర్ కొడుతూ చేస్తారు. ధార ఎగిరెగిరి పడుతుంది, చుక్క తేలదు, నాకు నచ్చదు.

ఇంజన్ ఆపడానికి లాగే స్టాపర్ లాగి ఉందేమో చూడండి. లివర్ నడిచే స్థితిలోనే ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినట్టు కట్టి ఉంచాలి. స్టాపర్ లాగి ఉంటే ప్లంజర్‌లోని (ఎలిమెంట్ లోపల పైకీ కిందికీ ఆడుతూ డీజిల్ నెట్టే కడ్డీలోని) గాడి, డీజిల్ వచ్చే రంధ్రానికి ఎదురుగా ఉండిపోయి, ఇంజన్ ఎంత తిప్పినా ధార ఆగదు. పూట పోగొట్టుకున్నాక ఇది గుర్తొచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు గొట్టం నుంచి ధార పడుతూ ఉంటుంది. ఒకరు ఇంజన్‌ను తిరిగే దిశలో, అంటే ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు వైపు, చాలా నెమ్మదిగా తిప్పాలి. ప్లంజర్ పైకి లేస్తూ డీజిల్ వచ్చే రంధ్రాన్ని మూస్తుంది. ధార సన్నబడుతుంది. తీగలా అవుతుంది. తెగుతుంది. చుక్కలవుతుంది. చుక్కకూ చుక్కకూ ఎడం పెరిగి, ఇక పడుతుందా లేదా అన్నట్టు కొనన వేలాడే దగ్గర చెయ్యి ఆపాలి. మా మేస్త్రీ గారు అరవమన్నది అక్కడే. డీజిల్ వెళ్లడం మొదలయ్యే చోటు అదే.

చక్రం మీద గుర్తు చూడండి. మీ గీత ముల్లు దగ్గర ఉంటే పని అయిపోయింది. గీత ఇంకా రాలేదంటే పంపు ముందుంది (అడ్వాన్స్), గీత దాటిపోయిందంటే వెనకుంది (రిటార్డ్). ఆ చోటు దాటి తిప్పేస్తే అక్కడికక్కడ వెనక్కి లాగి సరిచేయకండి. గేర్ల మధ్య సందు ఉంటుంది, ఆ సందు మీకు అబద్ధం చెప్తుంది. పావు చుట్టు వెనక్కి పోయి మళ్లీ ముందుకు రండి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే చోట ఆగాలి.

పంపును ఎటు తిప్పితే అడ్వాన్స్, ఎటు తిప్పితే రిటార్డ్?

పంపు షాఫ్టు ఎటు తిరుగుతుందో చూడండి. పంపు ఒంటిని దానికి ఎదురు దిశలో తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో తిప్పితే రిటార్డ్. కొన్ని బండ్లలో పంపు ఫ్లాంజికి పొడవాటి గాడులు ఉంటాయి, బోల్టులు వదులు చేసి పంపునే తిప్పుతాం. కొన్నిట్లో పంపు కదలదు, కప్లింగ్ గాడుల్లో షాఫ్టును జరుపుతాం. అప్పుడు షాఫ్టును తిరిగే వైపే ముందుకు జరిపితే అడ్వాన్స్.

ఎంత జరపాలి అంటే, మీరు అనుకున్న దాంట్లో సగం. పంపు ఇంజన్‌లో సగం వేగంతో తిరుగుతుంది, పంపు మీద ఒక డిగ్రీ క్రాంకు మీద రెండు డిగ్రీలు. బోల్టు గాడి పంపు మధ్య నుంచి 75 మి.మీ. దూరంలో ఉంటే 1.3 మి.మీ. జరగడం అంటే క్రాంకు మీద రెండు డిగ్రీలన్నమాట. సుత్తితో ఠక్కున కొట్టి "కొంచెమే జరిపా" అనేవాళ్లు నాలుగైదు డిగ్రీలు జరిపి ఉంటారు. జరిపిన ప్రతిసారీ చుక్క మళ్లీ చూడాల్సిందే.

అంతా అయ్యాక తిరిగి కట్టేటప్పుడు జాగ్రత్తలు?

డెలివరీ వాల్వ్, స్ప్రింగు వేసి, కొత్త వాషరు పెట్టి, హోల్డర్‌ను మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించండి. కారుతుందేమో అని బలం కొద్దీ బిగిస్తే కింద ఉన్న బ్యారెల్ నొక్కుకుపోయి రాక్ (డీజిల్ ఎంత వెళ్లాలో సర్దే కడ్డీ) పట్టేస్తుంది. రాక్ ఫుల్ మీద పట్టేసిందంటే స్టార్ట్ చేయగానే ఇంజన్ అదుపు తప్పి అరుస్తుంది, స్టాపర్ లాగినా ఆగదు. అందుకని స్టార్ట్ చేసే ముందు లివర్‌ను వేలితో అటూ ఇటూ ఆడించి చూడండి, దానంతట అది తేలిగ్గా వెనక్కి రావాలి. గాలి గొట్టం మూతికి అడ్డం పెట్టడానికి ఒక చెక్క పలక పక్కనే ఉంచుకోండి. చెయ్యి అడ్డం పెట్టకండి, లాగేస్తుంది. గ్యారేజీలో చాలామంది ఈ పలకను చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

తర్వాత లైనులో గాలి తీసి స్టార్ట్ చేయడమే.

ఒక్క సిలిండర్‌కు చూస్తే మిగతా ఐదింటికీ సరిపోతుందా?

పంపు బాగుంటే సరిపోతుంది. 1-5-3-6-2-4 వరసలో పంపు మీద ప్రతి 60 డిగ్రీలకూ ఒక ఎలిమెంట్ డీజిల్ ఇవ్వాలి. ఆ 60 సరిగ్గా ఉన్నాయా, ఆరూ ఒకే కొలత ఇస్తున్నాయా అన్నది పంపు షాపులో బెంచి మీద తేలుతుంది, దాన్నే కాలిబ్రేషన్ అంటారు. బండి మీద అది సాధ్యం కాదు.

పంపు బాగుచేయించి కట్టాం. ఇప్పుడు అసలు స్టార్టే కావట్లేదు.

గాలి పూర్తిగా తీశారా? తీస్తే, తర్వాతి అనుమానం పంపు ఒక చుట్టు తప్పి కట్టడం. క్రాంకు రెండు చుట్లకు పంపు ఒక చుట్టు. ఫ్లైవీల్ గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు ముల్లు దగ్గరికి వస్తుంది. ఒకసారి ఒకటోది కంప్రెషన్ మీద, ఇంకోసారి ఎగ్జాస్ట్ మీద. గుర్తు ఒక్కటే చూసి రాకర్లు చూడకుండా కడితే సగం సగం అవకాశం తప్పడానికి.

ఒకసారి గుడివాడ వైపు నుంచి ధాన్యం లోడ్లకు తిరిగే బండిని ట్రాక్టర్‌తో లాక్కొచ్చారు. అంతకుముందు రెండు రోజులు వేరే చోట సెల్ఫ్ కొట్టీ కొట్టీ రెండు బ్యాటరీలు పడుకోబెట్టారు, నాజిళ్లు కొత్తవి వేశారు, ఫీడ్ పంపు మార్చారు. సైలెన్సర్ నుంచి తెల్లటి డీజిల్ ఆవిరి మాత్రం వస్తోంది. అంటే డీజిల్ వెళ్తోంది, అంటుకోవట్లేదు. ట్యాపెట్ కవర్ తీసి, పంపు ఒకటో ఎలిమెంట్ డీజిల్ ఇచ్చే చుట్టులో ఇంజెక్షన్ గుర్తు దగ్గర ఆపి చూస్తే కదలికలో ఉన్నవి ఒకటో సిలిండర్ రాకర్లే. పంపు గేరు విడదీసి, క్రాంకు ఒక చుట్టు తిప్పి, మళ్లీ కలిపాం. చుక్క చూసుకుని కట్టేసరికి మధ్యాహ్నం అయింది. డ్రైవర్ తాళం తిప్పగానే అందుకుంది. ఆయన నా వైపు చూసి "రెండు రోజులన్నా!" అన్నాడంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఒక పన్ను తప్పి కడితే?

స్టార్ట్ అవ్వొచ్చు, కానీ బండిలా నడవదు. పంపు గేరుకు 60 పళ్లు ఉన్నాయనుకుంటే ఒక పన్ను పంపు మీద 6 డిగ్రీలు, క్రాంకు మీద 12. అంత తప్పును ఫ్లాంజి గాడిలో సర్దడం కుదరదు. పంపును గాడి చివరిదాకా లాగినా గుర్తు కలవట్లేదంటే గాడిని అరగదీయడం మానేసి గేరు గుర్తులు చూడండి. గాడిని ఫైలుతో పొడిగించిన పంపులు నేను చూశాను.

టైమింగ్ బెల్టు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

ఈ ఇంజన్లకు బెల్టు లేదు. గేర్లే.

పాత మేస్త్రీలు చెవితో విని సెట్ చేసేవాళ్లు కదా?

చేసేవాళ్లు, ఇప్పటికీ చేస్తున్నారు. ఇంజన్ నడుస్తుండగా శబ్దం గట్టిపడేదాకా పంపు లాగి, కాస్త వెనక్కి వదిలి బిగిస్తారు. రోడ్డు మీద చిక్కుకున్న బండిని ఇల్లు చేర్చడానికి అది విద్యే, కాదనను. కానీ చెవికి నాజిల్ తేడా, టైమింగ్ తేడా వేరుగా వినిపించవు. చల్లటి ఇంజన్ ఒకలా కొడుతుంది, వేడెక్కాక ఒకలా. అన్‌లోడ్ బండి గ్యారేజీలో మెత్తగా పలికినంత మాత్రాన పది టన్నులతో ఘాట్ ఎక్కేటప్పుడు అలాగే పలకదు. మా మేస్త్రీ గారికి ఆటోనగర్‌లో మంచి చెవి ఉందని పేరు. ఆయన ఏ బండికీ చుక్క చూడకుండా బోల్టు బిగించలేదు.

రెండు డిగ్రీలు అడ్వాన్స్ పెడితే మైలేజీ పెరుగుతుందట?

రిటార్డ్ అయిన బండిని సరైన చోటికి తెస్తే మైలేజీ పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి, ఇంకాస్త లాగితే ఇంకాస్త పెరుగుతుందని అనుకుంటారు. సరైన చోటు దాటాక పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. ఇంజన్ తనతో తానే కుస్తీ పడుతుంది. డ్రైవర్లు కొందరికి ఆ గరుకు శబ్దం అంటే ఇష్టం, "బండి గట్టిగా ఉంది" అంటారు. డీజిల్‌లో మిగిలిందనుకున్నది హెడ్ గ్యాస్కెట్ మింగుతుంది. నా మాట వింటే మాన్యువల్ అంకె దాటొద్దు.

పెట్రోలు బండ్లకు వాడే టైమింగ్ లైటు పనికొస్తుందా?

మామూలుది పనికిరాదు, అది ప్లగ్గు వైరు కరెంటు పట్టుకుని వెలుగుతుంది. నాజిల్ పైపుకు తగిలించే సెన్సరున్న లైట్లు వేరే ఉన్నాయి. పైపులో ఒత్తిడి కొట్టగానే వెలుగుతాయి. అయితే నడుస్తున్న ఇంజన్‌లో కనిపించే అంకె, ఆపి చుక్కతో చూసిన అంకె ఒకటి కావు. పంపు నుంచి నాజిల్ దాకా ఒత్తిడి చేరడానికి సమయం పడుతుంది, కొన్ని పంపులకు వేగంతో పాటు అడ్వాన్స్ చేసే గుండ్లు కూడా ఉంటాయి. మాన్యువల్‌లో ఇచ్చింది ఏ అంకెనో చూసుకోవాలి.

పొల్యూషన్ టెస్టులో పొగ ఎక్కువ చూపించింది. టైమింగ్ మారిస్తే పాసవుతుందా?

బీఎస్-4కు ముందు డీజిల్ బండ్లకు పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. బండి నిలబెట్టి ఒక్కసారిగా రేజ్ చేసి కొలుస్తారు. ఆ పొగలో ఎయిర్ క్లీనర్, నాజిళ్లు, పంపు ఇచ్చే డీజిల్ కొలత పాలే ఎక్కువ. పికప్ కోసం పంపులో డీజిల్ పెంచి సీలు తెంచిన బండి అయితే టైమింగ్ ఎంత సరిగ్గా పెట్టినా నల్లగానే కక్కుతుంది. కొందరు టెస్టు కోసం టైమింగ్ మార్చుకుని వచ్చి, స్టిక్కర్ పడ్డాక మళ్లీ మార్పించుకుంటారు. రెండుసార్లు కూలీ ఇచ్చే బదులు నాజిళ్లు చేయించుకుంటే సరిపోయేది.

ఇప్పుడొచ్చే డీజిల్‌కు పాత టైమింగ్ మార్చాలా?

అక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్‌లో గంధకం బాగా తక్కువ, తేలిగ్గా అంటుకునే గుణం పాతదానికన్నా మెరుగు. నాక్ తగ్గడానికే అది పనికొస్తుంది. కిరోసిన్ కలిపితే మాత్రం పంపు లోపల జిడ్డు చాలక ప్లంజర్లు అరుగుతాయి, అరిగిన పంపు రిటార్డ్ అవుతుంది.

మా తాతల కాలం పెట్రోలు లారీ ఉంది, దానికి?

డాడ్జ్, ఫార్గో, బెడ్‌ఫోర్డ్ లాంటివి ఇంకా అక్కడక్కడా షెడ్లలో కనిపిస్తాయి. వాటికి పంపు లేదు, డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది. ముందు పాయింట్ల గ్యాపు సరిచేయాలి, ఎందుకంటే గ్యాపు మారితే టైమింగ్ కూడా మారుతుంది. వ్యాక్యూమ్ పైపు తీసి మూసి, స్లోలో టైమింగ్ లైటుతో చూస్తూ డిస్ట్రిబ్యూటర్ ఒంటిని తిప్పి బిగించాలి. చుక్కలతో పోలిస్తే హాయైన పని.

ఎన్నాళ్లకోసారి టైమింగ్ చూపించాలి?

పంపు విప్పినప్పుడు, టైమింగ్ గేర్లు విప్పినప్పుడు, ఇంజన్ కట్టినప్పుడు తప్పనిసరి. మిగతా రోజుల్లో పంపు బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. నేను పని అయ్యాక ఫ్లాంజి గీత మీద తెల్ల పెయింటు పూస్తాను, అటు పంపు మీదికీ ఇటు ఇంజన్ మీదికీ కలిపి. పంపు కదిలితే పెయింటు చీలి కనిపిస్తుంది. తేదీ, డిగ్రీలు, ట్యాపెట్ గ్యాపులు ఒక చీటీ మీద రాసి క్యాబిన్‌లో అద్దం పైన అతికిస్తాను. ధాన్యం బండి డ్రైవర్ ఆ చీటీకి పసుపు, కుంకుమ పెట్టాడు. అంకెలు సగం చెరిగిపోయాయి. మళ్లీ రాసి ఇచ్చాను, ఈసారి వెనకవైపు.